రెండో బ్లాకు

క్రిప్టో నాణెం కోడ్ ఎలా నడుస్తుందో నేర్చుకుందామని, ఆ రాత్రి దాని నకలు ఒకటి లాప్‌టాప్‌లో పెట్టుకుని బయటివాళ్లెవరూ అందులో వేలు పెట్టకుండా ఇంటర్నెట్ వైరు పీకేశాను. ఇంట్లో ఉన్నది నేనూ, పక్కగదిలో రెండేళ్ల పాపా. ఆ కోడ్‌లో లెక్కలు బ్లాకులుగా పేరుకుంటాయి. ప్రతి బ్లాకులోనూ దాన్ని తయారుచేసినవాళ్లు ఒక మాట రాసుకోవచ్చు. నా మొదటి బ్లాకులో "పాప నిద్రపోయింది" అని రాశాను.

ఈ సంగతి చెబితే ఫోన్‌లో తమ్ముడు నవ్వాడు. "ఇంకేం అక్కా, ఆ రాజ్యానికి రాజువీ నువ్వే, బంటువీ నువ్వే!"

"మరి ఈ రెండో బ్లాకు ఎవరు చేశార్రా?"

"నువ్వు చెయ్యకుండా ఎలా వస్తుందక్కా? అందులో ఏం రాసుంది?"

"లేచింది, అని."

పక్కగది గడియ లోపలినుంచి మెల్లగా పడిన చప్పుడు వినిపించింది.

పాపకు ఆ గడియ అందదు.