ఫోను చేయని చౌడేశ్వరి

ఏ కోర్సు తీసుకుంటే పదేళ్లకు ఎలా ఉంటామో, అలా తయారైన మనమే ఫోను చేసి చెప్పే రోజులవి. ఫిన్లాండ్‌లో చదువుతున్న చౌడేశ్వరికి పొద్దుటి నుంచీ తన గొంతే ఫోను చేస్తోంది. చీకటి పడేలోగా కోర్సు ఎంచుకోవాలి. ఆమె పొయ్యి మీద అన్నం పెట్టి, గదికీ వంటింటికీ మధ్య కాలు నిలవక తిరుగుతోంది.

"ఈసారి ఎవురుమే?" అంది గదిలో తోడుండే కడప పిల్ల రుక్సానా.

"బ్యాంకు చదువు చదివిన నేను. బాగుండానంది. మందుల చదువు చదివిన నేనూ అదే మాట."

"అట్లయితే ఏదో ఒకటి నొక్కుమే!"

చౌడేశ్వరి కిటికీలోని సీసా వైపు చూసింది. ఇక్కడి బండల మీద నుంచి తాను గీరి తెచ్చుకున్న రాతిపువ్వు అందులో ఉంది. దాని మీదా ఒక కోర్సుంది. ఒకరైనా చదివిన కోర్సు నుంచే ఫోను వస్తుంది. దీన్లో ఇంతవరకూ ఎవరూ చేరలేదు కనక, అది చదివిన చౌడేశ్వరి మాత్రం ఫోను చేయలేదు.

"బిర్యానీలో ఏసుకునేదానికి చదువు యాలమే?" రుక్సానా నవ్వింది.

మళ్లీ ఫోను మోగింది. "నేను కంప్యూటర్లు చదివిన చౌడేశ్వరిని. హాయిగా ఉన్నాను."

"రాతిపువ్వు గుర్తుందా?" పొద్దుటి నుంచీ ఫోను చేసిన అందరినీ అడిగినట్టే ఆ గొంతునూ అడిగింది చౌడేశ్వరి.

"ఏ రాతిపువ్వు?" అందరూ అన్నట్టే అంది ఆ గొంతు.

చౌడేశ్వరి ఫోను పెట్టేసి, రాతిపువ్వు కోర్సు నొక్కింది. ఇప్పుడైనా ఆ చౌడేశ్వరి పలుకుతుందేమోనని ఫోను చెవికి ఆనించుకుంది. ఏమీ వినిపించలేదు.

"యాడుండావుమే, అన్నం మాడుతాంది!" వంటింట్లోంచి రుక్సానా అరిచింది.

"ఈడనే ఉండా," అంది చౌడేశ్వరి, ఆ ఫోనులోకే.