కిల్‌మారన్ ప్రభువు ఓటు

"మేం చెప్పిన పదహారు పేర్లూ వరసగా చదివేయండి. మీ అబ్బాయిని కార్లైల్ జైలు నుంచి మీకు అప్పగిస్తాం," అన్నాడు ప్రభుత్వం తరఫు మనిషి, హోలీరూడ్ రాజభవనం మెట్ల మీద.

కిల్‌మారన్ ప్రభువు తలూపి లోపలికి వెళ్లాడు.

తమ పార్లమెంటు ఇంగ్లండ్‌తో కలిసిపోయాక, స్కాట్లండ్ ప్రభువులకు లండన్ పార్లమెంటులో దక్కినవి పదహారు కుర్చీలే. ఆ పదహారుమందినీ ప్రభువులే ఎన్నుకోవాలి, అందరి ఎదుటా పేర్లు పైకి చదివి. లండన్ చెప్పిన పేర్లను కిల్‌మారన్ ఎన్నడూ చదివి ఎరగడు. కొడుకు లండన్ మీద తిరుగుబాటులో చేరింది కూడా తండ్రి రోషం పుణికిపుచ్చుకునే.

గుమాస్తా పిలిచాడు. ఆయన లేచి అన్ని పేర్లూ చదివాడు. కొడుకును పట్టించిన ఎర్ల్ ప్రభువు పేరు దగ్గర కూడా గొంతు తడబడలేదు.

"నువ్వు కూడానా కిల్‌మారన్? లండన్ వాళ్ల విందు బాగానే ఒంటబట్టినట్టుందే," అన్నారెవరో వెనక నుంచి. కొందరు నవ్వారు. ఆయనకు ఏమీ అనిపించలేదు.

బయట బండిలో భార్య గ్రిజెల్ కూర్చుని ఉంది.

"చదివారా?"

"చదివాను."

"ఇస్తామన్నారా?"

"గురువారం మన బండి తెచ్చుకోమన్నారు."



"తవ్వేటప్పుడు మీరు దగ్గరుండండి," అంది. "జైల్లో జ్వరంతో పోయినవాళ్లందర్నీ ఒకే గోతిలో వేశారట. వాడి ఎడమచేతి చిటికెనవేలు చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. అది చూసుకుని తీసుకురండి."