పెట్టకి పెట్ట

గంప ఎత్తి చూసేసరికి వనజకి ఒళ్ళు మండిపోయింది.

ఎర్రపెట్ట మళ్ళీ ఖాళీ గూట్లోనే కూర్చుని ఉంది. కింద ఒక్క గుడ్డు లేదు. ఉత్త ఊక మీద రెక్కలు పరుచుకుని, చెయ్యి పెడితే పొడవడానికొస్తోంది.

ఈ దిక్కుమాలిన పెట్ట పొదుగుకి రావడానికి ఇదేనా సమయం?

మూడు పెట్టల్లో ఒకదాన్ని ముంగిస ఎత్తుకుపోయింది. ఇంకోటి పిల్లలతో తిరుగుతోంది. గుడ్డు పెట్టేది ఇదొక్కటే. ఇది పొదుగులో కూర్చుంటే నెలరోజుల దాకా గుడ్డు ఊసుండదు.

లోపల మంచం మీద మొగుడు గౌరీశంకర్. వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. రోజూ గుడ్డు తెల్లసొన పెట్టకపోతే మనిషి నిలబడలేడని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఉన్న జీడితోట మందులకే పోయింది. ఇప్పుడు ఆ ఒక్క గుడ్డుకీ ఈ పెట్ట ఎసరు పెట్టింది.

పొదుగు మానుతుందని రెండుసార్లు నీళ్ళ బకెట్లో ముంచింది. లాభం లేదు. ఇక చుట్టుపక్కల అందరూ చేసే వైద్యమే మిగిలింది. తోకలోంచి ఈక పీకి, పెట్ట ముక్కులో గుచ్చబోయింది.

"అలాగ సేయకు తల్లీ. పాపం, అది మాత్రం ఏటి సేత్తాది?"

దడి అవతల ఎవరో ముసలాయన. మాసిన పంచె. చంకలో నల్లపెట్ట.

"ఎవులు నువ్వు?"

"మాది సుమ్మాదేవి ఊరు. ఈ నల్లపెట్ట రోజూ గుడ్డెడతాది. దీన్ని నువ్వుంచుకుని, ఆ పొదుగు పెట్టని నాకియ్యి. మా కాడ గుడ్లు నిలవున్నాయి, దాని కింద పెట్టుకుంటాను."

వనజ ఎగాదిగా చూసింది.

"గుడ్డెట్టే పెట్టనిచ్చి, గుడ్డెట్టని పెట్టని అట్టుకుపోతావా? నానంత ఎర్రిదానిలాగ అవుపడతన్నానా?"

"మా ఇంట్లో గుడ్లు తినీవోల్లు లేరు తల్లీ."

"తినీవోల్లు లేకపోతే కోల్లెందుకు పెంచినావు?"

ముసలాయన తల దించుకుని నల్లపెట్ట వీపు నిమిరాడు.

దాంతో వనజ అనుమానం గట్టిపడింది. పోయినేడు సంతలో ఇలాగే ఒకడు తియ్యగా మాట్లాడి పెట్టని అంటగట్టాడు. దాని తెగులు తగిలి, వారంలో పదకొండు కోళ్ళు తలలు వాల్చేశాయి.

"రోగం పెట్టని మా మంద మీదకి తోలతావా? నీలాటోల్లని సానామందిని సూసినాను. ఇంట్లో మనిషి మంచాన పడున్నాడని తెలిసే వచ్చినావు. సిగ్గులేదా?"

"తెలిసే వచ్చినాను తల్లీ."

"ఒప్పుకుంటన్నాడు కూడాను!"

వనజ ఫోన్ తీసి ఫొటో కొట్టింది. ఆయన మొహం తిప్పుకోలేదు. నల్లపెట్టని సర్దుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఊరి గ్రూపులో ఫొటో పెట్టింది. కింద రాసింది: 'రోగం కోళ్ళు మారకం చేసే మోసగాడు. ఇళ్ళల్లోకి రానివ్వకండి.'

సాయంత్రానికి అది మందస చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. ఒకరిని చూసి ఒకరు, ఆయన్నెప్పుడూ చూడనివాళ్ళు కూడా తిట్లు రాశారు. ఒక్కొక్క తిట్టూ చదువుతుంటే వనజకి మనసు కుదుటపడింది.

మూడోరోజు పలాస ఆసుపత్రిలో గౌరీశంకర్‌కి మిషను పెట్టారు. పక్కన కూర్చున్న వనజకి ఇంకా కోపం చల్లారలేదు. సిస్టర్ అనుపమకి ఫోన్ చూపించింది.

"సూడు సిస్టరూ. జబ్బు మనిషున్న ఇల్లు ఎతుక్కుని మరీ వచ్చినాడు. ఇలాటోల్లని పోలీసోల్లకి అట్టించాల."

అనుపమ ఫొటో చూసింది. పెద్దది చేసి మళ్ళీ చూసింది.

"ఇది పెట్టింది నువ్వా అక్కా?"

"నానే."

"ఈ తిరుమలరావుగారు నిన్న కోళ్ళన్నీ సంతలో అమ్మేశారంట. వాళ్ళ ఊరి టీకొట్టు దగ్గర అందరూ ఆ ఫొటో చూపించి నిలదీశారంట. ఇంటికి తాళం వేసి ఎటెళ్ళారో, ఫోన్ కూడా ఎత్తట్లేదు."

"నీకాయన తెలుసేటి?"

అనుపమ గౌరీశంకర్ పడుకున్న మంచం కమ్మీ మీద చెయ్యి వేసింది.

"నాలుగేళ్ళు ఆయన భార్య సూరమ్మగారికి ఈ మంచం మీదే డయాలసిస్ చేశాం అక్కా, ఆవిడ పోయాక వచ్చి, 'మా సూరమ్మ మంచం ఎవలికిచ్చినారమ్మా, ఆ మనిషికి రోజూ గుడ్డు దొరుకుతోందా' అని అడిగితే, మీ ఇంటి గుర్తులు చెప్పింది నేనే."