సున్నా వస్తేనే పాసు

విపత్తుల నిర్వహణ కోర్సులో సున్నా వస్తేనే పాసు. ఆఖరి పరీక్షకి యూనివర్సిటీ ఒక్కో విద్యార్థికి ఒక్కో తీరపు ఊరు అప్పగిస్తుంది. తుపాను వచ్చి వెళ్ళాక ఆ ఊళ్ళో ఎన్ని ప్రాణాలు పోతే అదే మార్కు.

నీలవేణికి భీమిలి దాటాక ఓ జాలరిపేట వచ్చింది. మధ్యాహ్నానికే గాలి లేచింది. డ్రైవర్లు లేని బస్సులు ప్రతి గుమ్మం ముందూ ఆగి, ఇంట్లోవాళ్ళని పేరుపెట్టి పిలుస్తున్నాయి. వారం వారం డ్రిల్లులో వినే పిలుపే కదా అని ఎవరూ కదలడం లేదు.

"ఎక్కు తాతా!" అని నీలవేణి ముసలి జాలరి నూకన్నని బతిమాలింది.

"సామాను వద్దంతాది కదా నీ బస్సు! వలొగ్గేసి నానెలగొత్తాను పాపా? రేపు ఏటి తింతాను?"

ఇన్నేళ్ళుగా ఆమె చదివిన పటాల్లో తీరం ఉంది, గాలి ఉంది, వల మాత్రం లేదు. నీలవేణి చున్నీ నడుముకి బిగించి, నూకన్న వలని భుజానికెత్తుకుని బస్సులో పడేసింది.

"సీట్లు మనుషులకే," అంది బస్సు.

"ఈ పేటలో వలలకే ముందు సీటు. నోర్మూసుకుని ఎక్కించుకో!"

నూకన్న పకపకా నవ్వి, తన వల వెనకాలే ఎక్కాడు. ఆ కబురు పేటంతా పాకింది. చూస్తుండగానే వలలు కిటికీల పక్కన కూర్చున్నాయి, జనం నిలబడ్డారు.

మర్నాటికి పేటలో ఒక్క గోడ మిగల్లేదు. షెల్టర్లో అందరూ నీలవేణి ఫోను చుట్టూ మూగారు. ఫలితం వచ్చింది.

"ఎంతొచ్చింది పాపా?" అన్నాడు నూకన్న.

"సున్నా, తాతా!"

తుపానుకి చెక్కుచెదరని షెల్టరు పైకప్పు, జనం వేసిన ఈలలకి అదిరింది.