అగ్గిపుల్ల దూరేంత కన్నం

"ఇదిగో, ఇంతే కదా డాక్టరమ్మా!"

వడ్రంగి చెవి మీది పెన్సిలు తీసి, బల్ల మీది కాగితంపై రెండు సెంటీమీటర్ల గీత గీశాడు. "మా ఆవిడ ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ రేగుపండంత లేదు. పక్క మంచం ఆయనది నిమ్మకాయంత. ఆయనకి కోసి ఇంటికి పంపేశారు. ఈవిడకి మాత్రం కొయ్యలేం అంటారేం?"

డాక్టరు ఆ గీత వంకే చూస్తూ చెప్పింది. "ఆయనది పెద్దదే కానీ, పుట్టిన చోటే ఉంది, అందుకే రెండో దశ. ఈవిడది చిన్నగా ఉంటూనే కాలేయానికీ, వెన్నెముకకీ పాకింది. అలా పాకితే, గడ్డ ఎంత చిన్నదైనా నాలుగో దశే. కోసినా లాభం లేదు. మందులిస్తాం."

"పెద్దది రెండో దశ, చిన్నది నాలుగో దశా? ఇదెక్కడి కొలతండీ?" వడ్రంగి గొంతు లేచింది.

భార్య అతని మోచెయ్యి పట్టుకుంది. "ఏమయ్యా, మొన్న టీచరుగారి ఇల్లు చూసొచ్చి ఏమన్నావు?"

"ఇప్పుడా గోలెందుకే?"

"చెప్పు."

"గుమ్మానికి ఒకటే కన్నం, అగ్గిపుల్ల దూరేంత..." అని ఆగిపోయాడు. చెద అప్పటికే దూలాలదాకా ఎక్కేసింది. గుమ్మం మార్చి లాభం లేదని ఆ రోజు తనే తేల్చేశాడు.

బొటనవేలితో గీతని తుడవబోయాడు. అది చెరగలేదు, కాగితమంతా అలుక్కుపోయింది.

"మరి టీచరుగారికి ఏం చెప్పావు?"

"దూలాల కింద ఊతకర్రలు పెడతాను, ఇల్లు నిలిచినన్నాళ్లు ఉండండన్నాను."

ఆమె చెప్పుల్లో కాళ్లు దూర్చి లేచింది.

"అయితే ఆ మందులేవో రాయించుకురా. మనింటికి పోదాం."