నిలవ ఉండని మందు

"మీ పాపకి ఏం జబ్బండీ?"

నెల్సన్ తలెత్తి చూశాడు. గళ్ళ లుంగీ, మాసిన చొక్కా, గడ్డం పెరిగిన మొహం. లుంగీ అంచుకి మట్టి. ఏలూరు స్కానింగ్ సెంటర్లో పిల్లలతో కూర్చున్న వాళ్ళందర్నీ అదే మాట అడుగుతూ వచ్చి, ఇప్పుడు తన ముందు నిలబడ్డాడు.

"మీకెందుకండీ?" అన్నాడు నెల్సన్.

అతను కదల్లేదు. ఏంజెల్ ఒళ్ళో పడుకున్న దీవెన వంకే చూస్తున్నాడు. కేన్సరు మందులకి జుట్టంతా రాలిపోయి, ఐదేళ్ళ పిల్ల తల నున్నగా ఉంది.

అంతలో డాక్టరుగారు సీటీ ఫిల్ములు పట్టుకుని బయటికొచ్చారు.

"శుభవార్తే మాస్టారూ! కడుపులో గడ్డ బాగా కరిగింది. ఇంకెక్కడా ఏమీ కనపడట్లేదు. కానీ దీన్నొక్కదాన్నే నమ్మకూడదు. హైదరాబాద్‌లో సూదిమందు వేసి తీసే ఆ రెండో స్కాను కూడా అవ్వాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ అసలు సంగతి తెలీదు."

"పేరు రాయించామండీ. ఆ మందు బొంబాయి నించి రావాలంట. మా వరస వచ్చేసరికి వానలు పడతాయన్నారు."

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేసిన వేసవి అది. ఊరు సగం వలస పోయినా, నెల్సన్ మాత్రం మిషన్ బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఆ లంకలోనే ఉండిపోయాడు. ఆశ అంటూ ఉంటే ఈ పిల్ల మీదే.

వాళ్ళు గుమ్మం దాటగానే లుంగీ మనిషి వెంటపడ్డాడు.

"ఏవండీ, ఆ స్కాను రేపే తీయించొచ్చండి. మందు పొద్దున్నే హైదరాబాద్‌లో దిగుతుంది. మీరు ఈ రాత్రి బండెక్కితే చాలు."

"ఎవరి మందు?"

"ఒక పాప పేరు మీద తెప్పించారండి. ఆ పాపని ఇంక తీసుకెళ్ళరు."

"ఏం?"

అతను దీవెన వంక చూసి గొంతు తగ్గించాడు.

"అవసరం లేదండి ఇంక. అక్కడి డాక్టరుగారితో మాట్లాడాను. ఇంకో బిడ్డ ఉంటే పంపించు, వేస్తామన్నారు."

నెల్సన్‌కి ఒళ్ళు మండింది. పోయినసారి హైదరాబాద్ ఆసుపత్రి గేటు దగ్గర ఇలాంటివాడే ఒకడు, మంచం ఇప్పిస్తానని తిప్పి తిప్పి మాయమయ్యాడు.

"ఇందులో నీకేం వస్తుంది?"

"నాకేం వద్దండి."

"ఊరికే ఎవరన్నా చేస్తారా? ఏ ఆసుపత్రి బ్రోకరువి నువ్వు?"

అతను ఏదో చెప్పబోయాడు. పెదవి దాకా వచ్చిన మాట మింగేశాడు.

"ఏవండీ, ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కుందాం" అంది ఏంజెల్.

"వీడి మాట పట్టుకునా? నువ్వూరుకో."

బస్టాండు దాకా వచ్చాడతను. కైకలూరు బస్సులో ఏంజెల్ కూర్చున్న కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

"అమ్మా, మీరైనా చెప్పండి. ఆ మందు నిలవ ఉండదమ్మా. రేపు దాటితే ఇంక పనికిరాదు. పారబోయనివ్వకండమ్మా!"

నెల్సన్ ఒక్క ఉదుటున కిందికి దిగి అతన్ని తోసేశాడు. దుమ్ములో కూలబడ్డాడతను.

"పిల్లల్ని ఎత్తుకుపోయేవాడేమో!" అన్నారెవరో. ఆ మాటతో నలుగురూ తలా ఒకటి వేశారు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

బస్సు కదిలింది. అతను అక్కడే కూర్చుని, దీవెన ఉన్న కిటికీ వంకే చూస్తున్నాడు.

ఆ ఆదివారం గుడిలో నెల్సన్ లేచి సాక్ష్యం చెప్పాడు. "గడ్డ కరిగింది" అనగానే అందరూ స్తోత్రం అన్నారు.

వానలు పడ్డాయి. "నాన్నా, కాలు నొప్పి" అంటూ దీవెన కుంటడం మొదలుపెట్టింది. వరస వచ్చేనాటికి ఎత్తుకుని తీసుకెళ్ళాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో డాక్టరుగారు రెండు ఫిల్ములూ దీపం పెట్టె మీద పక్కపక్కన పెట్టారు. సీటీలో ఏమీ లేనిచోట, రెండో దాంట్లో వెన్ను పొడుగునా, తుంటిలో, తొడల్లో నల్లటి మచ్చలు.

"సీటీలో గడ్డ ఆకారమే కనపడుతుంది మాస్టారూ. జబ్బు ఎక్కడెక్కడ బతికుందో ఇందులో తెలుస్తుంది."

"వేసవిలోనే తీయిస్తే?"

"మందు మార్చేవాళ్ళం. బతికి తీరేదని చెప్పలేను. కానీ అప్పటికింకా దారుంది."

నెల్సన్ గోడకి చేరగిలబడ్డాడు.

"రేపే తీయించొచ్చని ఒకాయన చెప్పాడండీ, ఏలూరులో. బ్రోకరనుకుని..."

డాక్టరుగారు చటుక్కున తలెత్తారు.

"మీరేనా? మెహజబీన్ అనే పాప కోసం తెప్పించిన మందది. మీకోసం రోజంతా చూశాం. తర్వాత పారేశాం. మీతో మాట్లాడిన మునీర్ ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. తివాచీలు నేస్తాడు. 'బిడ్డ దొరికిందండీ, కానీ నన్ను నమ్మలేదు. ఎవరి మందో చెప్పాల్సిందేమో. అదే జబ్బున్న పిల్ల ముందు, ఆ తల్లి ముందు నోరు రాలేదు' అని ఒకటే ఏడుపు."

ఏంజెల్ అడిగింది.

"ఆయన ఆ పాపకి ఏమవుతారండీ?"

"తండ్రమ్మా. ఆ పొద్దున్నే కూతురికి మట్టిచ్చి, ఇంటికి కూడా వెళ్ళకుండా, మీలాంటి వాళ్ళని వెతుక్కుంటూ వచ్చాడు."