దారి తెలిసిన సైకిలు

"బండివాడు నిద్రపోయినా ఎద్దులు ఇంటికి చేరుస్తాయి. నా సైకిలూ అంతే," అని మాచర్ల రోడ్డులో బ్రాందీ షాపు ముందు నాసరయ్య రోజూ గొప్పలు పోతాడు.

ఆ సాయంత్రం కూడా తాగి, కళ్ళు సగం మూసుకునే తొక్కాడు. సైకిలు ఒక గుమ్మం ముందు ఆగింది.

అలవాటైన మడ్‌గార్డు చప్పుడు వినగానే లోపల కోటమ్మ గబగబా లేచింది. తాగొచ్చిన మొగుడు చేతికి ఏది దొరికితే దానితో కొడతాడు. పచ్చడిబండ మంచం కింద దాచి, మొహం చూడకుండా, తల వంచుకుని అన్నం పెట్టింది.

"కూర చానా బాగుంది," అన్నాడు నాసరయ్య.

మొగుడి నోట ఏనాడూ రాని మాట అది. కోటమ్మ ఉలిక్కిపడి తలెత్తింది.

"ఎవరయ్యా నువ్వు? బయట ఉన్నది మా ఆయన సైకిలు గదా!"

నాసరయ్యకు మత్తు దిగింది.

"షాపు కాడ మారిపోయినట్టుంది చెల్లెమ్మా. అయితే నా సైకిలు మీ ఆయన్ని మా ఇంటికే తీసుకుపోయుంటది. మా ఆడది తలుపు వెనకాల చీపురు పట్టుకుని ఉంటది. మొహం కూడా చూడదు, ముందు బాదుద్ది. నేను పోవాల!"

కోటమ్మ అన్నం గిన్నె అతని దగ్గరికి జరిపింది.

"కూర్చో అన్నయ్యా. నిదానంగా తిను. తొందరేముంది?"